మన పోస్ట్‌మాస్టర్ జనరల్ గారి మేడ

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తపాలా శాఖలో గుమాస్తాగా రిటైరైన నాకు భవనాల గురించి మాట్లాడే అర్హత లేదు. కాని మా అబ్బాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్లినప్పుడు, గ్లోస్టర్‌షైర్‌లో సెజిన్‌కోట్ అనే మేడ చూశాం. అది కట్టించిన సర్ చార్లెస్ కాకరెల్ ఒకప్పుడు బెంగాలు పోస్ట్‌మాస్టర్ జనరల్ అట! మన శాఖవాడే కదా అని ఈ నాలుగు మాటలు. జీతం రాళ్లతో కట్టలేదు లెండి. కలకత్తాలో ఏజెన్సీ హౌసు వ్యాపారంలో బాగా గడించాడు.

1805 ప్రాంతంలో ఆయన సోదరుడు శామ్యూల్ పెపిస్ కాకరెల్ ప్లాను గీశాడు. మన దేశం తిరిగి కోటలూ గుళ్లూ బొమ్మలు వేసిన థామస్ డానియల్ సలహాలిచ్చాడు. బంగారు రంగు రాతి గోడలు, నడిమిన ఉల్లిపాయలాంటి రాగి గుమ్మటం, మూలల్లో చిన్న ఛత్రీలు. రాగి చిలుమెక్కి ఇప్పుడు పచ్చగా ఉంది. ఒక పక్క మొక్కల కోసం వంపు తిరిగిన అద్దాల వసారా, దాని కిటికీల పైభాగం విప్పిన నెమలి పురిలా ఉంటుంది. గోడల పైన వెడల్పాటి రాతి చూరు. మనకు చూరు ఎండకూ వానకూ కావాలి. ఎండ కోసం మొహం వాచే ఆ దేశంలో దానికేం పని?

లోపలికి వెళ్తే ఢిల్లీ లేదు, ఆగ్రా లేదు. గదులన్నీ ఆనాటి ఇంగ్లీషు దొరలు మెచ్చిన గ్రీకు, రోమను పద్ధతిలోనే. మనల్ని వాకిట్లోనే నిలబెట్టినట్టనిపించి మనసు చివుక్కుమంది.

ఇంచుమించు అదే రోజుల్లో మన హైదరాబాదు కోఠీలో కర్క్‌పాట్రిక్ రెసిడెన్సీ కట్టించాడు. ఇక్కడ ఎత్తయిన స్తంభాలతో సీమ పద్ధతి; ఖర్చు నిజాం ఖజానాది. గుమాస్తా బుద్ధి కదా, లెక్క చూసుకున్నాను. రెండు మేడల బిల్లూ ఇటే వచ్చింది.

మళ్లీ సెజిన్‌కోట్ తోటకు వద్దాం. అక్కడ వాగు మీది వంతెన గోడల పైన నందులు కూర్చుని ఉన్నాయి. మా ఆవిడ చేతులు జోడించి, చుట్టూ చూసి, "ఏమండీ, నందులున్నాయి, స్వామి ఏరీ?" అంది. నేనేం చెప్పను? కాస్త ఎగువన కొలను ఒడ్డున చిన్న గుడి ఉంది గాని, అది సూర్యుడిది. సరేనని ఆయనకే దణ్ణం పెట్టుకుంది. ఆ రోజంతా మబ్బు, సన్నటి వాన.