నవ్విన నాపచేను

మన పిల్లలూ మనవలూ ఎరిగిన బేస్‌బాల్ నుంచే ఒక మాట మనవి చేస్తున్నాము.

న్యూయార్క్ మెట్స్ 1962లో, తమ తొలి సీజనులోనే, 120 ఆటలు ఓడి నవ్వులపాలయ్యారు. 1969 ఆగస్టు మధ్యలో కూడా షికాగో కబ్స్ కంటె పది ఆటలు వెనుకబడే ఉన్నారు. మేనేజరు గిల్ హాడ్జెస్ ఆటగాళ్లను మార్చి మార్చి దింపి, బెంచీ మీదివారికీ అవకాశమిచ్చాడు. పిచ్చర్ టామ్ సీవర్ 25 విజయాలు తెచ్చాడు. ఆ సీజనులో 100 ఆటలు గెలిచి, వరల్డ్ సిరీస్‌లో బాల్టిమోర్ ఓరియోల్స్‌ను 4-1తో ఓడించారు. నవ్విన నాపచేనే పండింది!

సీజను 162 ఆటలది. ఒకనాటి ఓటమితో ముగియదు. మన పిల్లలు తెలుగులో తడబడినప్పుడు మనం నవ్వితే, వారు ఇక నోరు విప్పరు. నవ్వక మాట్లాడిద్దాం. ప్రతి బిడ్డకూ మరొక అవకాశమిద్దాం.