కాలిబాట వెడల్పులో తోపుడు బండి వాటా
(పరిగిలో చిరువ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత బజారులో కాలిబాటలను వెడల్పు చేస్తారన్న మాట వినగానే మనలో రెండు రకాల భయాలు కలుగుతాయి. గిరాకీలు బండి నిలిపే చోటు పోతుందని దుకాణదారు భయపడతాడు. తన జీవనోపాధే పోతుందని తోపుడు బండివాడు భయపడతాడు. మొదటి భయానికి బలమైన ఆధారం లేదు. 1962లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో ఒక ప్రధాన వీధిని కార్లకు మూసివేసినప్పుడు అక్కడి వర్తకులూ ఇలాగే ఆక్షేపించారు. నేడు ఆ నగరంలో పేరుమోసిన బజారు అదే. రెండవ భయం మాత్రం నిజమైనది.

పెళ్లి బట్టలకు, గాజులకు మనమంతా వెళ్లే చార్మినార్‌నే తీసుకుందాం. 1591 నాటి ఆ కట్టడం చుట్టూ వాహనాలను తప్పించి, ఆ స్థలాన్ని పాదచారులకు అప్పగించే పథకం ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. కట్టడం చుట్టూ రాతి పలకలు పరిచారు, వాహనాలను మళ్లించారు. ఇది మంచి పనే. పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన తల్లి అక్కడ నిర్భయంగా నడవగలుగుతోంది. నిజానికి మన పూర్వులకు ఈ ఆలోచన కొత్తది కాదు. 1908 మూసీ వరద తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టీలో దుకాణాల ముందు రాతి కమానుల వరండా కట్టించింది. ఎండైనా వానైనా కొనేవాడు నీడలోనే నడిచాడు. కాలిబాట అంటే అది! ఇప్పుడు రోడ్డు పక్కన నాలుగు పలకలు పరచి కాలిబాట అంటున్నారు. చెట్టు ఉండదు, కూర్చోవడానికి అరుగు ఉండదు, స్త్రీలకు మరుగుదొడ్డి మాటే ఉండదు. గాజుల బజారుకు వచ్చేదెవరో వీరికి తెలియదా?

ఇక చిరువ్యాపారుల సంగతి. జీవితమంతా ప్రభుత్వ ఫైళ్లు రాసినవాణ్ణి కనుక చెబుతున్నాను, కాగితం మీద లేనివాడు కార్యాలయం దృష్టిలో లేనివాడే. దుకాణానికి ఇంటి నంబరు, కరెంటు బిల్లు ఉంటాయి. దాని ముందు ఇరవై ఏళ్లుగా సుర్మా, అత్తరు, పండ్లు అమ్ముతున్నవాడికి ఏ కాగితమూ ఉండదు. పనులు మొదలైననాడు అతని పేరు ఎవరూ రాయరు, ‘ఆక్రమణ’ అని మాత్రం రాస్తారు. ఢిల్లీ చాందినీ చౌక్‌ను 2021లో ఎర్రకోట వైపు నుంచి ఫతేపురీ మసీదు దాకా అందంగా తీర్చిదిద్దారు, పగటిపూట మోటారు వాహనాలను ఆపారు. అయితే చిల్లర వ్యాపారులకు మాత్రం ఆ వీధిలో చోటు లేదన్నారు.

ఇలా జరగకూడదనే 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదని అందులో ఉంది. ఆ తరువాతనైనా ముప్పై రోజుల నోటీసు తప్పనిసరి. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడవ వంతు స్త్రీలు. మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలని కూడా చట్టమే చెప్పింది, మనం దయాభిక్షగా అడుగుతున్నది కాదు. అన్నిటికంటే విలువైన మాట ఒకటుంది: యాభై ఏళ్లకు పైబడి వీధి వ్యాపారం సాగిన సహజ బజారును వారసత్వ బజారుగా ప్రకటించాలి, అక్కడి వ్యాపారులను కదిలించరాదు. పాత బస్తీలో రాళ్లకే కాదు, ఆ రాళ్ల నీడన అమ్ముకునే మనిషికీ వారసత్వ హోదా ఉందన్నమాట. ఈ సంగతి మనవారిలో ఎందరికి తెలుసు?

మనవారికీ ఒక మాట చెప్పాలి. దారిలో అడ్డును తొలగించడం దానమని మన ప్రవక్త (స) బోధించారు. దుకాణం సామాను బాట మీదికి జరుపుతూ పోతే గుడ్డివాడు ఎక్కడ నడవాలి? నడిచేందుకు కనీసం 1.8 మీటర్లు, అంటే సుమారు ఆరడుగులు, ఖాళీగా వదలాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. ఆ ఆరడుగులు వదిలిన తరువాతే బండి చోటు అడుగుదాం. వెడల్పు చేసిన బాటలో రెండింటికీ స్థలం ఉంటుంది, గీత గీసేటప్పుడు మనం అక్కడ ఉంటే.

మన పరిగి కూడా 2018 నుంచి మున్సిపాలిటీయే, ఈ చట్టం మనకూ వర్తిస్తుంది. బీజాపూర్ రోడ్డు మీది బండ్లన్నీ ఎప్పుడో ఒకనాడు ఈ ప్రశ్నను ఎదుర్కొంటాయి. అందుకే మొహల్లాకు ఇద్దరు యువకులు చొప్పున రండి. ఎవరు, ఏ చోట, ఎన్నేళ్లుగా, ఏమి అమ్ముతున్నారో జాబితా రాద్దాం. హిందూ సోదరుల బండ్లనూ, ఆకుకూరలు అమ్మే అవ్వలనూ వదలకుండా రాయాలి. పక్కన ఫొటో అంటించండి. జాబితాతో పాటు సర్వే కోరుతూ కమిషనర్‌కు అర్జీ ఇద్దాం. నకలు మీద ‘స్వీకరించబడింది’ అన్న ముద్ర, తేదీ వేయించుకోకుండా మాత్రం ఆ మెట్లు దిగకండి.