తలుపు దగ్గరి బాలింత



ఓపీ గది తలుపు దగ్గర నిలబడి, పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ “అక్కడ సలుపుతోంది మేడమ్” అనే బాలింత ప్రతి డాక్టరుకూ ఏదో ఒకరోజు ఎదురవుతుంది. ‘అక్కడ’ అంటే చనుమొన. ఆ మాట నోటితో అనలేక నెలల తరబడి ఓర్చుకునేవాళ్లున్నారు.

కారణాలు చాలావరకు మామూలువే. నెలసరికి ముందు, గర్భం తొలి వారాల్లో హార్మోన్ల మార్పులకు జాకెట్టు తగిలినా చురుక్కుమంటుంది. బాలింతల్లో ఎక్కువసార్లు తేడా బిడ్డ నోరు పట్టే తీరులో ఉంటుంది. మొన ఒక్కటే చాలదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి. అది సర్దితే చాలామందికి మందుతో పనే ఉండదు. దూరాలు పరిగెత్తేవాళ్లకు బనియన్ రాపిడి చాలు. మగవాళ్లూ దీనికి అతీతులు కారు: గుండెకో కాలేయానికో స్పైరోనోలాక్టోన్ వాడే పెద్దాయనకు రొమ్ము ఉబ్బి నొప్పెట్టవచ్చు. ఆయన చొక్కా విప్పడానికి మొహమాటపడతాడు.

మరో బాలింత సంగతి చూడండి. బిడ్డ పాలు తాగి వదలగానే మొన తెల్లగా పాలిపోతుంది, నీలమవుతుంది, ఆపైన ఎర్రబడుతుంది. చన్నీళ్లు తగిలితే విలవిల్లాడుతుంది. ఫంగస్ అనుకుని రాసిన పూతమందు పనిచేయదు. రక్తనాళాలు ముడుచుకుపోవడమే అసలు సంగతి. చలికి వేళ్లు ఇలాగే రంగు మారడాన్ని ఫ్రెంచి వైద్యుడు మారిస్ రేనో 1862లో వివరించాడు. “రంగు మారుతోందా అమ్మా?” అని నర్సు అడిగిన ఒక్క ప్రశ్నతో ఆ ముడి వీడుతుంది. తర్వాత కావలసింది వెచ్చదనం, అవసరమైతే నిఫెడిపిన్.

అరుదైనదీ ఒకటుంది. లండన్ సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రి సర్జన్ జేమ్స్ పేజెట్ 1874లో సుమారు 15 మంది స్త్రీల గురించి రాశాడు. చనుమొన మీద మానని పుండు, చూడబోతే ఎగ్జిమా. రెండేళ్లు తిరక్కుండానే రొమ్ములో క్యాన్సర్ తేలింది. ఇప్పటికీ ఒకవైపే దురద, పొలుసులు, రసి ఉండి, కొన్ని వారాల ఆయింట్‌మెంటుకు లొంగకపోతే ఇంకో ట్యూబు రాసివ్వకూడదు. మామోగ్రామ్ తీయించి, అక్కడి చర్మం చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి.

ఈరోజు పట్టా అందుకుంటున్న యువ డాక్టర్లూ, నర్సులూ, సోమవారం నుంచి మీకు డ్యూటీ. ఓపీ నిండా జనం, గదికి ఒకే తెర. ఆ తెర లాగి, తోడొచ్చిన అత్తగారిని కాసేపు బయట కూర్చోబెట్టి, రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగే డాక్టరు కోసం ఆ బాలింత ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉంది.