గీత కొట్టడం వేరు, చెరిపేయడం వేరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇన్నేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నావు కదా, పనికొచ్చే నాలుగు మాటలు చెప్పు" అన్నారు సంఘం పెద్దలు. అందరూ కృత్రిమ మేధ గురించి మాట్లాడుతున్న రోజుల్లో నేను ఒక చిన్న బటన్ గురించి చెబుతాను. దాని పేరు 'డిస్కార్డ్'.

రాసిన ప్రోగ్రాములను భద్రపరచడానికి మేం 'గిట్' వాడతాం. లినక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ 2005లో దాన్ని తయారుచేశారు. బడి భాషలో చెప్పాలంటే అందులో ఒక రఫ్ నోటుబుక్కు, ఒక ఫెయిర్ నోటుబుక్కు ఉంటాయి. రోజువారీ పని రఫ్‌లో చేస్తాం. 'కమిట్' అంటే దాన్ని ఫెయిర్‌లోకి ఎక్కించి, ఏం మార్చామో ఒక వాక్యం రాయడం. ఫెయిర్‌లోకి ఎక్కింది తేలిగ్గా పోదు. పొరపాటున వెనక్కి జరిపినా మామూలుగా 30 రోజుల పాటైనా దాని జాడ చిట్టాలో ఉంటుంది. రఫ్‌కు ఆ రక్షణ లేదు.

చిక్కల్లా రఫ్‌ను పారేసే మాటలతోనే. 'స్టాష్' అంటే పక్కన దాచడం. 'రీసెట్'కు 'హార్డ్' తగిలిస్తే పాత ఫైళ్లలో చేసిన మార్పులన్నీ పోతాయి. 'క్లీన్' అంటే గిట్ లెక్కలోకి ఇంకా రాని కొత్త ఫైళ్లు పోతాయి. 'చెకౌట్' మరీ విడ్డూరం. ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు మారడానికీ అదే, ఫైలులో మార్పులు పారేయడానికీ అదే! ఈ రెండు పనులకు 'స్విచ్', 'రిస్టోర్' అని వేర్వేరు పేర్లు పెట్టడానికి 2019 ఆగస్టు దాకా పట్టింది.

2017లో వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో ఒకరు 'డిస్కార్డ్' నొక్కి మూడు నెలల పని పోగొట్టుకున్నారు. 'మార్పులు పారేయాలా, ఇక తిరిగి రావు' అన్న హెచ్చరిక వచ్చింది. కానీ తాను మార్పులేమీ చేయలేదు కదా అనుకునే మనిషికి ఆ మాట ఎలా అర్థమవుతుంది? గిట్ దృష్టిలో మాత్రం కమిట్ కాని ప్రతి ఫైలూ 'మార్పే'.

నా బృందంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయికీ ఇలాగే జరిగింది. ఒక్క ఫైలు వెనక్కి తీసుకోబోతే పదకొండు రోజుల పని పోయింది. మెనూలో రెండు వరుసలు పక్కపక్కన, దాదాపు ఒకే మాటతో ఉన్నాయి. మర్నాడు వచ్చి, "నన్ను తీసేస్తారా సార్?" అని అడిగింది. "ముందు కూర్చో అమ్మా, ఆ కంప్యూటర్‌లో ఇంకేమీ నొక్కకు" అన్నాను. కమిట్‌కు ముందు 'యాడ్' చేసిన ఫైళ్ల నకళ్లు గిట్ లోపల కొన్నాళ్లు ఉంటాయి. వెతికితే సగానికి పైగా దొరికాయి. మిగతాది ఆ అమ్మాయి నాలుగు రోజుల్లో మళ్లీ రాసింది.

సమీక్షలో "బాధ్యులెవరు?" అన్న ప్రశ్న వచ్చింది. ఆ రోజు తనను మందలించి వదిలేస్తే, ఇంకోసారి ఎవరికి ఇలా జరిగినా దాచిపెడతారు. పనితో పాటు జరిగింది చెప్పే ధైర్యమూ పోతుంది. అందుకే బటన్ మీద మాట మార్పించాం. ఇప్పుడది 'ఈ 14 ఫైళ్లు శాశ్వతంగా పోతాయి' అని అంకెతో సహా చెబుతుంది.

మన లెక్కల తరగతిలో తప్పు స్టెప్పును రబ్బరుతో చెరిపితే ఒప్పుకునేవారు కాదు. ఒక్క గీత కొట్టి, కింద మళ్లీ చేయమనేవారు. గీత కింద తప్పు కనబడుతుంది, అది ఎక్కడ మొదలైందో మాస్టారికీ తెలుస్తుంది, మనకూ తెలుస్తుంది. కమిట్ చేసేది కూడా సరిగ్గా ఇదే.

ఈ వృత్తిలోకి వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మూడు మాటలు. పని సగంలో ఉన్నా సాయంత్రానికి కమిట్ చేయండి. పారేసే ముందు 'స్టేటస్' చూడండి, సందేహముంటే ఫోల్డరుకు నకలు తీసుకోండి. మీరే బటన్లు రాసే స్థాయికి వెళ్లినప్పుడు, నొక్కితే ఏం పోతుందో నొక్కేవారి భాషలో రాయండి.