ధర్మవరం చీరకు సొంత వెబ్‌సైటు

ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఇక ఆ చీరలు అమ్మే మీరు సొంత వెబ్‌సైటు పెట్టుకోవడమే తరువాయి.

ముందుగా డొమైన్ పేరు. సైటు చేసిచ్చే కుర్రాడి పేరు మీద కాదు, మీ పేరు మీదే రిజిస్టరు చేయించండి. గడువులోగా రెన్యూవల్ చేయకపోతే ఆ పేరు ఇంకొకరి చేతికి పోవచ్చు.

అసలు కష్టమంతా ఫొటోలది. ట్యూబులైటు కింద తీస్తే నెమలికంఠం రంగులోని రెండు ఛాయలూ కలిసిపోయి ఉత్త నీలంగా పడుతుంది. పొద్దుటి వెలుతురులో మడత విప్పి, అంచు, కొంగు, చీర లోపలివైపు విడివిడిగా తీయండి. నేత తెలిసినవాళ్లు ముందు లోపలివైపే చూస్తారు. జరీ రకం, పొడవు, జాకెట్టు ముక్క సంగతి, ధర పక్కనే రాయండి. ధర దాచిపెడితే కొనేవాళ్లకు అనుమానం వస్తుంది. అసలైన పట్టుకు గుర్తుగా వేసే సిల్క్ మార్క్ ఉంటే ఆ లేబులూ చూపించండి.

వాట్సాప్‌లో కొనేవాళ్లు పదేపదే ఏం అడుగుతున్నారో రాసుకుని, ఆ జవాబులు సైటులో చేర్చండి. ఫొటోల సైజు తగ్గించి, సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్నచోట మామూలు ఫోనులో తెరిచి చూడండి. సైటుతోపాటు ఫోను మ్యాపు సంగతీ చూడాలి. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారానికి వచ్చిపోయేవాళ్లు మీ దుకాణాన్ని మ్యాపులో వెతకవచ్చు. అందులో మీ దుకాణం గుర్తు సరైన వీధిలో పడిందో లేదో ఈ వారమే చూసుకోండి.