ఉద్యోగం, ఇల్లు, చదువు: ముగ్గురు వార్డెన్ల మాట



మేము ముగ్గురం. ప్రొద్దుటూరులో ఒకరు, జమ్మలమడుగులో ఒకరు, పులివెందులలో ఒకరు గిరిజన బాలికల హాస్టళ్లు చూసుకుంటున్నాం. ముగ్గురం బి.ఇడి. చదివి ఈ ఉద్యోగంలోకి వచ్చినవాళ్లమే. ఒకరిది ఎరుకల ఇల్లు, ఒకరిది సుగాలి ఇల్లు, ఒకరిది యానాది ఇల్లు. నలభై దాటాక ముగ్గురం ఒకేసారి ఇగ్నోలో ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌కు చేరాం. దరఖాస్తు, ఫీజు అన్నీ ఫోన్‌లోనే. పుస్తకాలు కూడా ఈజ్ఞాన్‌కోష్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఈ రోజు మైకు ముందు ఒకరే ఉన్నా, చెప్పేది ముగ్గురి మాట.

"ఉద్యోగముంది కదా, ఇంకా ఈ చదువెందుకక్కా?" అని మీలో చాలామంది అడిగారు. ముందు దానికి జవాబు చెప్తాం.

1871లో ఇంగ్లీషువాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 తర్వాత అది మన కడప ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసి, పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించి, పోలీసు దగ్గర హాజరు వేయించుకునేవాళ్లు. ఎరుకల కుటుంబాలకు ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1952లో ఆ చట్టం పోయింది. ఇప్పుడు ఆ ఇళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లమే రోజూ రిజిస్టర్ తెరిచి పిల్లల హాజరు వేస్తున్నాం. రిజిస్టర్ ఎవరి చేతిలో ఉందో, అది దేనికి వాడుతున్నారో తెలుసుకోవడమే మాకు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదువు.

ఇంకో కారణం కూడా ఉంది. మన కడప జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు, ఐటీడీఏ లేదు. 1996 నాటి పెసా చట్టం మన తండాలకు వర్తించదు. అటవీ హక్కుల చట్టం 2006, అత్యాచారాల నిరోధక చట్టం 1989, సమాచార హక్కు చట్టం 2005, రాజ్యాంగం 338ఎ కింద జాతీయ ఎస్టీ కమిషన్, ఇవి మాత్రం మనకూ వర్తిస్తాయి. ఏది మనది, ఏది కాదు అని తెలియకుండా ఆఫీసు మెట్లు ఎక్కితే ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కు తిప్పుతూనే ఉంటారు.

ఉద్యోగం చేసేవాళ్ల కోసం ఈ దారి వేసినాయన కూడా ఈ సబ్జెక్టు మనిషే. ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి ఉస్మానియాలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చెప్పేవారు. 1982 ఆగస్టులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన ఉమ్మడి రాష్ట్రంలో పుట్టినప్పుడు ఆయనే మొదటి వైస్ చాన్సలర్. ఇప్పుడు దాన్ని అంబేద్కర్ యూనివర్సిటీ అంటున్నాం. 1985లో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ ఆయనే మొదటి వైస్ చాన్సలర్. అంటే ఈ చదువు రెగ్యులర్ కాలేజీలో సీటు రానివాళ్లకు మిగిలిన చదువు కాదు. పని చేసుకునేవాళ్లను మనసులో పెట్టుకుని కట్టిన చదువు.

ఇక టైం సంగతి. హాస్టల్లో తెల్లవారుజామున ఐదుకు పిల్లల్ని లేపడంతో మా రోజు మొదలవుతుంది. టిఫిను, నీళ్లు, స్కూలుకు పంపడం, సరుకుల ఇండెంటు, డైట్ బిల్లులు, సాయంత్రం స్టడీ అవర్, రాత్రి హాజరు. ఆదివారం సెలవనుకోవద్దు, ఆ రోజే అమ్మానాన్నలు పిల్లల్ని చూడడానికి వస్తారు. దీని మధ్యలో చదువుకు ఎంత కావాలో ముందు లెక్క వేసుకున్నాం. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరంటే 120 గంటలు. రోజుకు ఒక గంట చొప్పున నాలుగు నెలలు. గంటల్లో చూసుకున్నాక భయం తగ్గింది.

ఆ గంట ఎక్కడి నుంచి వస్తుందనేది ముగ్గురికీ ఒకేలా కుదరలేదు. ఒకరు నాలుగుకు లేచి చదివారు. ఇద్దరు రాత్రి హాజరయ్యాక చదివారు. కానీ ఒక నియమం ముగ్గురం పెట్టుకున్నాం. పిల్లల స్టడీ అవర్‌లో మా పుస్తకం తెరవకూడదు. అది పిల్లల గంట. జీతం తీసుకునే గంటలో సొంత పరీక్షకు చదివితే అది ఎనిమిదో తరగతి పిల్ల లెక్కల డౌటు లోంచి తీసుకున్నట్టే.

తర్వాత క్యాలెండర్. ఇగ్నో పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో ఉంటాయి. మన స్కూళ్లు జూన్ 12న తెరుస్తారు. కొత్త పిల్లలు పెట్టెలతో వస్తారు, మొదటి వారం అమ్మ కోసం ఏడుస్తారు. అప్పుడు మేము పరీక్ష హాల్లో ఉండలేం. అందుకే జూన్‌కు ఒకటో రెండో పేపర్లు, డిసెంబరుకు మిగతావి అని ముందే పంచుకున్నాం. మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకు, 70 శాతం పరీక్షకు. ఆ అసైన్‌మెంట్లు ఎండాకాలం సెలవుల్లో రాసి పెట్టుకున్నాం. మీరూ మీ పనికి తగినట్టు చూసుకోండి. ప్రొద్దుటూరు బట్టల అంగట్లో పనిచేసే చెల్లెలికి దసరా ముందు ఊపిరాడదు. పులివెందుల అరటి తోటల్లో లోడింగుకు పోయే తమ్ముడికి కోత రోజుల్లో పుస్తకం గుర్తుండదు. ఆ నెలల్లో చదువు పెట్టుకోవద్దు, వాటి చుట్టూ పెట్టుకోండి.

ఇంట్లో వాళ్లతో కూడా ముందే మాట్లాడుకున్నాం. ఆ ఏడు వడియాలు, అప్పడాలు ఇంట్లో పెట్టలేమని, కొనుక్కుందామని చెప్పాం. "కొన్నవైతే ఏమాయ మ్మా, పరీక్షలు కానీ" అంది ఒకరి అత్త. పెళ్లిళ్లకు ముహూర్తానికి పోయి భోజనం చేసి వచ్చేశాం, మూడు రోజులుండలేదు. కానీ తీజ్ తొమ్మిది రోజులూ మాలో సుగాలి ఇంటామె పుస్తకం ముట్టుకోలేదు. మన పండుగ వదులుకుని చదివితే, ఎవరి కోసం చదువుతున్నామో వాళ్లకే దూరమవుతాం.

హాస్టల్లో కుక్, కమాటి, వాచ్‌మన్ ముగ్గురికీ పరీక్ష తేదీలు చెప్పి పనులు పంచాం. మా పుస్తకాల్లోనే ఒక సూత్రం ఉంది. పని ఇంకొకరికి అప్పగించొచ్చు, జవాబుదారీ మాత్రం అప్పగించలేం. పరీక్షకు సెలవు పెట్టిన రోజు కూడా ఇన్‌చార్జిని రాతపూర్వకంగా పెట్టే వెళ్లాం. చేరే ముందే పై అధికారికి రాసి అనుమతి తీసుకున్నాం. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఇది మరిచిపోవద్దు.

ఇదే చదువులో హెర్బర్ట్ సైమన్ అనే ఆయన పాఠం ఉంది. 1978లో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషికి ఉన్న సమయం, సమాచారం, శక్తి అన్నీ పరిమితమే కాబట్టి ప్రతి నిర్ణయంలోనూ అన్నిటికంటే గొప్పదాన్ని వెతకలేడు, సరిపోయినంత మంచిది దొరికితే ఎంచుకుంటాడు అంటాడాయన. ఇంగ్లిష్ పుస్తకంలో ఆ పేజీ అర్థమయ్యాక ముగ్గురం ఫోన్‌లో నవ్వుకున్నాం. వంట చేసే ప్రతి ఆడమనిషికీ తెలిసిందే కదా! ఉన్న కూరగాయలతో ఉన్న టైంలో కూర చేస్తాం. ఫస్ట్ క్లాసు కోసం నిద్ర చంపుకోవాల్సిన పని లేదు. పాసై, విషయం ఒంటబట్టితే చాలు.

ఇక అన్నీ ఒకేసారి మీద పడ్డప్పుడు ఏది ఆగాలి? ఇది మాత్రం చేరిన రోజే తేల్చుకోండి. మేము డిగ్రీ ఆగాలని తేల్చుకున్నాం. ఈ ఎం.ఏ.కు కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లు గడువు ఉంది. ఆ అదనపు రెండేళ్లు మనలాంటివాళ్ల కోసం రాసిన రూలే. ఒక డిసెంబరులో, తెల్లారితే పరీక్ష అనగా ఒక పిల్లకు జ్వరం 103 దాటింది. మాలో ఒకరు రాత్రంతా ఆసుపత్రిలో ఆ పిల్ల పక్కనే కూర్చున్నారు. పేపరు పోయింది. ఆరు నెలలకు మళ్లీ వచ్చింది, రాశారు, పాసయ్యారు. ఆ రాత్రి పిల్ల పక్కన లేకపోయుంటే అది మళ్లీ వచ్చేది కాదు.

అందుకే ముగ్గురం ఒకేసారి చేరినా ఒకేసారి ముగించలేదు. ఒకరు రెండేళ్లకు, ఒకరు మూడేళ్లకు ముగించారు. ఇంకొకరికి రెండు పేపర్లు మిగిలున్నాయి. ఎవరూ వెనకబడినట్టు కాదు. బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు ముగ్గురం ఫోన్‌లో కలిసి పాఠం చెప్పుకునేవాళ్లం. చదువు ముగిసినవాళ్లు ఇప్పటికీ ఆ కాల్‌కు వస్తున్నారు. మీరు కూడా ఒంటరిగా చేరొద్దు. ఇంకొకరిని వెంటబెట్టుకుని చేరండి.

చివరగా రెండు జాగ్రత్తలు. గుర్తింపు ఉన్న సంస్థలో దూరవిద్యలోనో, ఆన్‌లైన్‌లోనో చేసిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టంగా చెప్పింది. కానీ ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో యూజీసీ డెబ్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకున్నాకే డబ్బు కట్టండి. ఇప్పుడు చేరేవాళ్లకు ఏబీసీ ఐడి, డెబ్ ఐడి కావాలి. ఏజెంటు చేతిలో ఆధార్ పెట్టకుండా మీ ఫోన్‌లో మీరే చేసుకోండి. రెండోది, ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జూలైలో ప్రవేశాలుంటాయి. ఒకటి దాటిపోతే ఇంకోటి ఉంది, కంగారు పడొద్దు.

మా హాస్టళ్లలో చదివే మీ చెల్లెళ్లు రాత్రి మంచినీళ్లకు లేచినప్పుడు వార్డెన్ గదిలో లైటు చూస్తారు. "మేడమ్, మీకూ పరీక్షలా?" అని అడుగుతారు. అవునంటే వాళ్ల ముఖంలో కనిపించే ఆశ్చర్యం చాలు మాకు.