రాట్నమునకు కడచీల

ఈ సాయంకాలము నేను మాటలాడదలచిన విషయము పెద్దలకు తగినది కాదని కొందరు తలంపవచ్చును. రంగులరాట్నములు, రోలర్ కోస్టరులు పిల్లల వేడుకలు గదా, తల నెరసినవాడు వాటిని గూర్చి చెప్పనేల యని మీరడుగుదురు. కాని తిరుణాలలో రాట్నమునకు స్థలమిచ్చువారు పిల్లలు కారు, గ్రామపెద్దలు. అందుచేత నా మాటలు మీ కొరకే.

ఈ వేడుకపై నాకు చిన్ననాటి నుండియు మక్కువ కలదు. రథసప్తమికి దేవుని కడప తేరు చూడబోయినను, కడప పెద్దదర్గా ఉరుసుకు పోయినను, ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణమునకు పోయినను, నా కన్ను మొదట వెదకెడిది రాట్నమునే. ఆ కాలమున మా వైపు రాట్నమునకు యంత్రము లేదు. నాలుగు కొయ్యపెట్టెలు, నడుమ నొక యిరుసు, త్రిప్పుటకు ఇద్దరు మనుష్యులు, అంతే. అయినను పైకి పోయినప్పుడు ఊరి చెరువుకట్ట, దానికావల కొండవరుస, మా యింటి మిద్దె ఒక్కచూపులో కానవచ్చెడివి. మిద్దె యెక్కి చూచిన ఊరు వేరు, రాట్నము నుండి చూచిన ఊరు వేరు.

నాకు పండ్రెండవ యేట, పేరు చెప్పనక్కరలేని యొక తిరుణాలలో, నేనును నా తమ్ముడును ఒకే పెట్టెలో కూర్చుంటిమి. మూడవ చుట్టులో పెట్టెను పట్టియుంచు చీల యూడెను. పెట్టె ఒక ప్రక్కకు ఒరిగెను. నేను కొయ్యను కరచుకొంటిని. తమ్ముడు క్రింద పడెను. ప్రాణము దక్కెను గాని యెడమచేయి మరల చక్కబడలేదు. నేటికిని ఆ చేత నీళ్లచెంబు ఎత్తలేడు. మా నాయన రాట్నమువానిని కొట్టబోగా వాడు చేతులు జోడించి, “అయ్యా, పాటలో పెట్టిన సొమ్ము రాబట్టుకొనవలెనని రాత్రికి రాత్రి నిలబెట్టితిని, చీలలు చూచుకొనుటకు ప్రొద్దు చాలలేదు” అని యేడ్చెను. ఆ మాట నా చెవిలో నేటికిని మ్రోగుచున్నది.

అయినను నేను రాట్నమును ద్వేషింపలేదు. నాంపల్లిలో యేటేటా జరుగు నుమాయిష్ 1938లో ఆరంభమైనది. ఉద్యోగకాలమున నేను హైదరాబాదు పోయినపుడెల్ల అచ్చటి పెద్దరాట్నము నెక్కక తిరిగి రాలేదు. ఇట్టి పెద్దరాట్నములకు ఆదిపురుషుడు 1893లో చికాగో ప్రదర్శనమున ఫెర్రిస్ అను ఇంజనీరు నిలిపిన చక్రము. దాని యెత్తు 264 అడుగులు, 36 పెట్టెలు, ఒక్కొక్కదానిలో అరువదిమంది పట్టెడివారు.

ఇక రోలర్ కోస్టరు సంగతి. చూడనివారికి చెప్పవలెనన్న, ఎగుడుదిగుడు పట్టాలపై పరుగెత్తు చిన్న రైలుబండి యనవచ్చును. దీని పుట్టుక మంచుదేశమగు రష్యాలో. అచ్చటివారు కొయ్యతో గట్టిన యెత్తైన వాలుపై నీరు పోసి గడ్డకట్టించి, దానిమీద జారుచుండెడివారు. 1817లో పారిస్ నగరమున మంచుకు బదులు చక్రముల బండ్లను పెట్టి, ‘రష్యా కొండలు’ అని పేరిడిరి. 1827లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, కొండగని నుండి బొగ్గును దింపుటకు వాలుపట్టాలు వేసిరి. బొగ్గుబండ్లు తమ బరువుతోనే దిగివచ్చెడివి. ఖాళీబండ్లను పైకి లాగు కంచరగాడిదలు గూడ, దిగునప్పుడు బండిలోనే నిలబడి సవారి చేసెడివి! తరువాత మనుష్యులును ఆ సుఖము మరిగి, రుసుము చెల్లించి ఎక్కసాగిరి. 1884లో థాంప్సన్ అనునతడు న్యూయార్కు చెంత కోనీ ద్వీపమున వినోదమునకే ఇట్టి పట్టాలు వేయించి తలకు అయిదు సెంట్లు పుచ్చుకొనెను. దాని వేగము గంటకు ఆరు మైళ్లు. మన జోడెద్దుల బండి గట్టిగా తోలిన అంతకు వెనుకబడదు.

దీనిలోని కిటుకు మన రైతునకు క్రొత్త కాదు. కపిల తోలినవారు మీలో పలువురు కలరు. ఎద్దులు వాలున దిగుచు మోకు లాగును. తోలువాడు మోకుపై కూర్చుండి తన బరువును గూడ చేర్చును. బాన పైకి వచ్చును. దిగు బరువుచేత పని చేయించుకొనుట మన తాతలెరిగినదే. రోలర్ కోస్టరున బండిని మొదట గొలుసుతో ఎత్తునకు లాగుదురు. అచ్చట విడిచినపిదప దానిని నడపు యంత్రము లేదు, బరువే తోలువాడు. మిట్ట దాటునప్పుడు పీట మనక్రింద నుండి జారిపోయినట్లై ఒడలు తేలిపోవును. పల్లమునకు దిగి మరల లేచునపుడు ఒడలు రెండింతలు మూడింతలు బరువైనట్లుండును. ఈ రెంటి నడుమనే ఆనందమంతయు నున్నది.

నేను అరువదియేండ్లు దాటినపిదప దీనిని ఎక్కితిని. హైదరాబాదు వెలుపల రావిర్యాలలో 2016లో తెరచిన వండర్‌లా అను వినోదవనమున ‘రీకాయిల్’ అను బండి కలదు. అది మనుష్యులను తలక్రిందులుగా త్రిప్పి యెత్తున నిలిపి, మరల అదేదారిని వెనుకకు తెచ్చును. ప్రక్కన కూర్చున్న మనుమడు కేకలు వేయుచుండగా నేను దేవుని తలచుకొంటిని. దిగినపిదప మరల వరుసలో నిలిచినవాడను నేనే!

ఇంత ధైర్యము నాకెట్లు వచ్చెనందురా? ఆ బండి నిర్మాణము నేనెరుగుదును గనుక. పట్టాను పైన నొకటి, ప్రక్కన నొకటి, క్రింద నొకటి చక్రములు పట్టియుండును. క్రిందిచక్రమున్నచో బండి పట్టా విడిచి ఎగురజాలదు. దానికి 1919లో హక్కుపత్రము పొందినవాడు జాన్ మిల్లర్ అను అమెరికనుడు. తలక్రిందులుగా త్రిప్పు చుట్టునకును చరిత్ర కలదు. 1895లో కోనీ ద్వీపమున దానిని చక్కని గుండ్రముగా కట్టగా ఎక్కినవారి మెడలు పట్టుకొనెను. 1976లో కాలిఫోర్నియాలో వెర్నర్ స్టెంగెల్ అను జర్మను ఇంజనీరు లెక్కలతో దానిని నీటిబొట్టు ఆకారమున మలచగా ఆ బాధ తొలగెను. భయము బండిలో నుండవలెను గాని బండిని కట్టుటలో నుండరాదు. నా అనుభవసారమంతయు ఈ ఒక్కమాటయే.

కొందరు పెద్దలు, “ఇంత ప్రమాదమున్నచో తిరుణాలలో రాట్నమే వలదు” అందురు. నేనొప్పుకొనను. వానకెదురుచూచుటతోనే యేడు గడచు మన సీమలో నవ్వుటకు దినములు కొద్ది. ఏడాదిపొడవున గట్టిగా మాటలాడిన మందలింపబడు ఆడుపిల్ల, రాట్నములో గొంతెత్తి కేకవేసినచో ఆ ఒక్కరాత్రి ఎవరును కసరరు. ఆ కేకను మనము తీసివేయరాదు. పిల్ల క్షేమముగా దిగునట్లు చూచుట మన పని.

బండి కట్టి పొరుగూరికి పోవువాడు మొదట కడచీల చూచును, పిదప కందెన చూచును, ఆపైననే పిల్లలను ఎక్కించును. రాట్నమునకును అదే న్యాయము. నిలబెట్టినవానిని పగటివెలుతురున పిలిపించి, ప్రతి చీలను, ప్రతి నట్టును చూపుమనుడు. అతుకులలో పగుళ్లు కలవేమో యడుగుడు. రేగడినేలయైనచో వానకు పాదు క్రుంగును. క్రింద మందమైన దిమ్మెలు వేయించుడు. కరెంటు తీగలు తెగియుండరాదు, ఎర్తు ఉండవలెను. పెట్టె తలుపునకు గడియ, ఒడిమీద కడ్డీ ఉండవలెను. ఇంజనీరు చూచి వ్రాసి యిచ్చిన పత్రము లేక విడువకుడు; ఈ యంత్రముల భద్రతకై మన దేశపు ప్రమాణసంస్థయే 2004లో ప్రమాణములు ప్రకటించియున్నది. గాలి లేచినచో నిలుపవలెను, త్రాగినవానిని త్రిప్పనీయరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, మనుష్యులు ఎక్కకముందు ఇసుకమూటలు వేసి పదిచుట్లు త్రిప్పి చూపుమనుడు.

ఇంకొక్క మాట, ఇది కొంత చేదు. తిరుణాల స్థలమును మనము పాటలో హెచ్చుసొమ్ము పెట్టినవానికి ఇచ్చుచున్నాము. ఆ సొమ్ము గుడికో బడికో చేరును, నిజమే. కాని హెచ్చు పాడినవాడు త్వరపడును. త్వరపడినవాడు చీల చూడడు. నా తమ్ముని చేయి విరిగినది రాట్నమువాని తప్పుచేత మాత్రమే కాదు. ఆ పాట పెట్టిన పెద్దలకును అందులో భాగము కలదు. రెండువేలు తక్కువ వచ్చినను రెండుదినములు ముందుగా వచ్చి పగలు నిలబెట్టువానికే స్థలమిండు.

రావిర్యాలకు నాతో తమ్ముడును వచ్చెను. తాను ఎక్కలేదు. ఉదయము జనమును ఎక్కింపకముందు ఖాళీబండి పట్టాలపై పోవుచుండగా కంచె ప్రక్కన నిలిచి చాలసేపు చూచి, “అన్నా, వీరు ఖాళీబండిని ఎందుకు పంపుచున్నారు?” అని యడిగెను. పరీక్షకని చెప్పితిని. అతడు తన యెడమచేతిని కుడిచేత నిమురుకొనుచు, “మన దానిని గూడ ఒక్కచుట్టు ఖాళీగా త్రిప్పియుండవలసినది” అనెను.

ఆ యొక్క ఖాళీచుట్టును రాబోవు తిరుణాలలో మీరు త్రిప్పింపుడు.